చెత్తబుట్ట చేతబట్టి

అత్తయ్యగారికి మీ కోడలు నమస్కారాలతో రాస్తున్న ఉత్తరం.

ఇక్కడ మేం ముగ్గురం క్షేమం. అక్కడ మీరూ, వదినగారూ, అన్నయ్యగారూ కులాసాగా ఉన్నారని మీ ఉత్తరం వల్ల తెలిసింది. రాత్రిపూట దగ్గు తగ్గిందనీ, మూడు దిళ్ళు ఎత్తు పెట్టుకోకుండానే పడుకోగలుగుతున్నారనీ రాశారు. ఆ వాక్యాన్ని మీ అబ్బాయి నా చేత రెండుసార్లు చదివించుకున్నారు. తర్వాత ఏదో పనున్నట్టు పెరట్లోకి వెళ్ళి, ఏ పనీ చేయకుండా కాసేపు నిలబడి వచ్చారు.

వదినగారూ, అత్తయ్యగారికి కొత్త కళ్ళజోడు వచ్చేదాకా ఉత్తరాలు చదివి వినిపించే పని మీదే కాబట్టి ముందే చెబుతున్నాను. ఇది పొడుగు ఉత్తరం. పొయ్యి మీద ఏదైనా పెట్టి మొదలుపెట్టకండి. ఫోన్లో చెబుదామంటే ఆవిడకి సగం మాటలు వినపడవు, వినపడిన సగానికి కోపం వస్తుంది. అందుకే కాగితం తీశాను.

అత్తయ్యగారూ, మీరు అడిగినవాటికి అడిగిన వరుసలోనే జవాబులు రాస్తాను. మీ గది కప్పు కారడం ఆగిపోయింది. మేస్త్రీ మొదటిసారి వచ్చి పైకి చూసి, తల ఊపి వెళ్ళిపోయాడు. రెండోసారి నిచ్చెన తెచ్చి, సిమెంటు మరిచిపోయానన్నాడు. మూడోసారి అతను పైకెక్కాక నేను నిచ్చెన తీసి పక్కన పెట్టేశాను. పని పూర్తయ్యాకే మళ్ళీ వేశాను. మీరుంటే మొదటిసారే ఆ పని చేసి ఉండేవారు.

మీ గులాబీల్లో ఎర్రది పూసింది. పసుపుది ఆకులు తప్ప ఇంకేమీ ఇవ్వడం లేదు. మీ మనవరాలు బడికి వెళ్ళేముందు దాని ఎదురుగా నిలబడి, అచ్చం మీ గొంతు పెట్టి, తిండి దండగ అని చీవాట్లు వేసి వెళుతోంది. దానికి ఈసారి లెక్కల్లో మార్కులు బాగా వచ్చాయి. చేతిరాత మాత్రం వాళ్ళ నాన్నది వచ్చింది, మనం చేయగలిగిందేమీ లేదు.

ఇక మీ నాలుగో ప్రశ్న. వీధి మొదట్లో ఉండే మాస్టారు రిటైరయ్యాక కూడా అందరి హాజరూ వేస్తూనే ఉన్నారన్నమాట. నేను మధ్యాహ్నాలు భుజాన సంచి తగిలించుకుని ఇంటింటికీ తిరుగుతున్నాననీ, వెళ్ళిన చోట గంటసేపు కదలడం లేదనీ అన్నయ్యగారికి ఫోన్ చేసి చెప్పారట. బట్టలు అమ్ముతున్నావా, బీమా కట్టిస్తున్నావా, ఇంట్లో ఏం తక్కువైంది అని మీరు అడిగారు. రెండూ కాదు. చదువుకుంటున్నాను.

వదినగారూ, ఇక్కడ కాస్త ఆగి ఆవిడకి మంచినీళ్ళివ్వండి.

దూరవిద్యలో ఎం.ఏ.లో చేరాను. సమాజశాస్త్రం. మీరు ఇక్కడున్నప్పుడే చేరాను. పుస్తకాలు బీరువాలో దుప్పట్ల కింద ఉండేవి. మీరు మధ్యాహ్నం కునుకు తీసే వేళకి తీసి చదివేదాన్ని, మీరు లేచిన అలికిడి కాగానే మళ్ళీ దుప్పటి కప్పేదాన్ని. పాసైతే చెబుదాం, తప్పితే ఎవరికీ తెలియకుండా దుప్పట్లతోపాటు మడతపెట్టేద్దాం అనుకున్నాను. మీ అబ్బాయికి తెలుసు. ఆయన మిమ్మల్ని చూసినప్పుడల్లా ఊరికే నవ్వేవారు, మీరు దేనికిరా ఆ నవ్వు అని కసిరేవారు, గుర్తుందా? దానికే.

రెండో సంవత్సరంలో ఒక పేపరుంది. మనుషులకీ పర్యావరణ సమస్యలకీ మధ్య ఉన్న సంబంధం గురించి. మొదట నాకూ పేరు చూసి భయమేసింది. తర్వాత అర్థమైంది. గాలిలో ఏం కలిసిందో, నీళ్ళు ఎంత పాడయ్యాయో కొలిచి చెప్పేవాళ్ళు వేరే ఉన్నారు. గాలి పాడైందని తెలిసి కూడా మనుషులు ఎందుకు ఊరుకుంటారు, ఎవరు ఎవరి మీదకి నెడతారు, ఏ మాట పైకి అంటారు, ఏది లోపల దాచుకుంటారు, ఇవి చూడటం మా చదువు. ఆ పేపరుకి ఒక ప్రాజెక్టు రాయాలి. మా మేడమ్ నాకన్నా పదేళ్ళు చిన్న. ఏదైనా మీకు దగ్గరగా ఉన్న సమస్య తీసుకోండి అన్నారు. నాకు దగ్గరగా ఉన్నది ఒక్కటే. మీ ఖాళీ మంచం.

డాక్టరుగారు ఆ రోజు చెప్పిన మాట నాకు పొల్లుపోకుండా గుర్తుంది. ఆవిడ ఊపిరితిత్తులకి మందు ఎంత ఇచ్చినా రోజూ సాయంత్రం ఆ పొగ పీలిస్తే లాభం లేదు, ఎక్కడికైనా పంపండి, ఆ వీధిలో నెల రోజులపాటు పొగ లేకుండా ఉంటే అప్పుడు తీసుకురండి అన్నారు. మీరు ఆటోలో కూర్చుని, నా ఇల్లు విడిచి నేను పోవడమేమిటి, ఆ మంట పెట్టేవాళ్ళనే పంపించండి అన్నారు. మీ అబ్బాయి మీ చేతిసంచీ ఒకటికి రెండుసార్లు సర్దారు. వీధి చివర, గోడ కట్టి వదిలేసిన ఖాళీ స్థలంలో ఆ సాయంత్రం కూడా చెత్త కాలుతూనే ఉంది. ఆటో ఆ పొగలోంచే వెళ్ళింది.

అందుకని మన వీధే రాస్తానన్నాను. మీ అబ్బాయి విని, మన ఇంటి చెత్తకి కూడా డిగ్రీ ఇస్తారా అని అడిగారు. మార్కులు వేసేటప్పుడు ముక్కు మూసుకుంటారేమో అని కూడా అన్నారు.

మొదటి విడత నేను చాలా పద్ధతిగా చేశాను, అంటే చాలా పద్ధతిగా చెడగొట్టాను. ప్రశ్నలన్నీ వరుసగా రాసుకున్నాను. ప్రతి ఇంటికీ వెళ్ళి, ముందు గదిలో మర్యాదగా కూర్చుని, మా అత్తయ్యగారికి పొగ పడక ఊరు పంపాల్సి వచ్చిందండీ అని మొదలుపెట్టి, మీరు చెత్త కాలుస్తారా అని అడిగాను. వాళ్ళందరూ మీ గురించి ఎంతో బాధపడ్డారు. కొందరు కళ్ళు కూడా తుడుచుకున్నారు. మేమా, చెత్త కాల్చడమా అన్నారు. వీధిలో మనది కాక ఉన్న పద్దెనిమిది ఇళ్ళూ తిరిగాను. ఒక్క ఇంట్లోనూ కాల్చరు. ఒక్క ఇంట్లోనూ గోడవతల చెత్త వేయరు. నేను సంతోషంగా అవన్నీ వరుసలు గీసి, నింపి, మేడమ్ ముందు పెట్టాను.

ఆవిడ చూసి చాలాసేపు నవ్వు ఆపుకున్నారు. చివరికి, "అయితే మీ వీధిలో మంట దానంతటదే అంటుకుంటోందన్నమాట" అన్నారు.

నాకు తల కొట్టేసినట్టయింది. తప్పెక్కడుందో ఆవిడే నిదానంగా చెప్పారు. మీరు విద్యార్థిగా వెళ్ళలేదు, కోడలిగా వెళ్ళారు. పొగకి దెబ్బతిన్న ఇంటి మనిషి ఎదురుగా కూర్చుని కాలుస్తారా అంటే అవునని ఎవరంటారు? వాళ్ళు అబద్ధం చెప్పలేదు, మీకు మర్యాద చేశారు. ఈ కాగితాలు పక్కన పెట్టండి. అత్తగారి ఊసు ఎత్తకండి. మంట ఊసు కూడా ఎత్తకండి. ముందు గదిలో కూర్చోకండి. చెత్తబుట్ట ఎక్కడుందో అడిగి అక్కడ నిలబడండి. నిన్న పొద్దున్నుంచి ఈ బుట్టలో ఏమేం పడ్డాయి, ఎవరు వేశారు, నిండాక ఎవరు తీశారు, ఎక్కడికి తీసుకెళ్ళారు, దారిలో ఎవరు కనిపించారు, అంతే అడగండి. నిన్నటి సంగతి మాత్రమే. ఇంకో మాట కూడా చెప్పారు. ఎవరేం చెప్పినా ఆ పేరు మీ నోటి నుంచి ఇంకొకరికి చేరకూడదు, ఆ మాట ముందే ఇచ్చి మరీ అడగండి అన్నారు.

మళ్ళీ మొదటి ఇంటినుంచి మొదలుపెట్టాను. మాస్టారు చూసింది ఈ రెండో విడత తిరుగుడు. వంటింటి మూలల్లో, పెరటి గుమ్మాల్లో నిలబడి అడిగాను. అత్తయ్యగారూ, ఎంత తేడానో చెప్పలేను. మీరు చెత్త ఏం చేస్తారు అంటే అందరూ మంచివాళ్ళే. నిన్న ఈ బుట్ట ఎవరు తీశారు అంటే మాత్రం ఇంట్లో పంచాయితీ మొదలవుతుంది. నువ్వంటే నువ్వని మొగుడూ పెళ్ళాం నా ఎదుటే వాదులాడుకున్న ఇళ్ళున్నాయి. ఒకావిడ అయితే, నిన్న తీయలేదండీ, మొన్నటిదే ఇంకా మంచం కింద దాచానని చెప్పి, అప్పుడు గుర్తొచ్చి ముక్కు చిట్లించింది. నిన్న అనే మాటలో ఏముందో గానీ, జనం తడుముకోకుండా నిజం చెప్పేస్తారు.

మీరెప్పుడూ వీధిలోవాళ్ళు బద్ధకస్తులనేవారు. నేనూ అదే అనుకున్నాను. కాదని తేలింది. చెత్త బండి రోజూ పొద్దున మెయిన్ రోడ్డు మీద, మన మలుపు దగ్గర ఆగుతుంది. అక్కడికి నడక ఎంత, చిన్నపిల్లలు కూడా వెళ్ళొస్తారు. గోడవతల వేయడానికే ఎక్కువ దూరం నడుస్తున్నవాళ్ళున్నారు. అడ్డం ఏమిటంటే, మలుపు దగ్గరున్న టీకొట్టు. ఆ వేళకి అక్కడ బెంచీల నిండా జనం ఉంటారు. చెత్తబుట్ట పట్టుకుని వాళ్ళ ముందునుంచి నడవాలి. ఆడవాళ్ళకి నామోషీ. మగవాళ్ళకి అంతకు రెట్టింపు నామోషీ. ఉద్యోగానికి వెళ్ళే పిల్లలకైతే చెప్పనే అక్కర్లేదు. బుట్టలో ఏముందో, నిన్న ఇంట్లో ఏం తిన్నారో, ఏం పగిలిందో నలుగురూ చూస్తారని. అందుకని చీకటి పడేదాకా ఆగి, గోడవతలికి విసిరేస్తారు. గుట్ట పెరిగితే ఈగలు. ఈగలు పెరిగితే ఎవరో ఒకరు అగ్గిపుల్ల గీస్తారు. ఇంతే కథ. మీ దగ్గు మొదలయ్యేది ఆ మంట దగ్గర కాదు, ఆ బెంచీల దగ్గర.

ఇంకొకటి కనిపెట్టాను, దీన్ని మేడమ్ కూడా మెచ్చుకున్నారు. ప్రతి ఇంట్లోనూ ఒకే వాక్యం వినిపించింది. "నాకేం లేదండీ, అందరూ ఏమనుకుంటారోనని." ఇంకొకరు చెత్తబుట్ట పట్టుకుని వెళితే మీరేమనుకుంటారు అని నేను అడిగితే, నేనేమనుకుంటాను, మంచిదే అనుకుంటాను అన్నారు. ఒక ఇల్లు తప్పకుండా అలాగే చెప్పారు. పుస్తకం మూసి ఇంటికి వచ్చి కూర్చుంటే నవ్వొచ్చింది. వీధంతా గాలించాను, ఆ అందరూ అనే పెద్దమనిషి మాత్రం ఏ ఇంట్లోనూ దొరకలేదు.

ఇదంతా రాసి ఇచ్చాను. అక్కడితో చదువు పని అయిపోయింది. కానీ ఇంటికొచ్చేసరికి సాయంత్రం మళ్ళీ పొగ. మీ గది కిటికీకి తడిగుడ్డ కట్టి ఉంది, మీరు లేకపోయినా కడుతూనే ఉన్నాను. ఎందుకు కాలుస్తారో తెలిశాక చేతులు కట్టుకు కూర్చోవడం నావల్ల కాలేదు. మేడమ్‌ని అడిగాను. రిపోర్టు ఇచ్చేదాకా మీరు విద్యార్థి, ఇచ్చాక ఆ వీధి మనిషి, పేర్లు మాత్రం చెప్పకండి అన్నారు.

ఆదివారం పొద్దున మన వీధి దర్జీ ఇంటి అరుగు మీద అందర్నీ పిలిచాను. దర్జీ భార్య, నేను కలిసి కుర్చీలు వేశాం. ఇరవై మందికి పైగా వచ్చారు. మీలో ప్రతి ఒక్కరూ నాకు ఒకే మాట చెప్పారు, మీకేం అభ్యంతరం లేదు, పక్కవాళ్ళు నవ్వుతారని భయం, కానీ నవ్వుతామని ఏ పక్కవాళ్ళూ చెప్పలేదు అన్నాను. మాస్టారు గొంతు సవరించుకుని, ముఖం మీద నవ్వుతానని ఎవరు చెబుతారమ్మా అన్నారు. ఆ మాటలో న్యాయం ఉంది. దాంతో మిగతావాళ్ళకి ధైర్యమొచ్చింది. అసలు గోడవతల వేసేదెవరో చెప్పు, మిగతావాళ్ళం ఎందుకు మాటపడాలి అని ఒకరు. మా ఇంటినుంచైతే కాదు అని ఇంకొకరు. ఆ మాట అన్న ఆయన అంతకుముందు నాకేం చెప్పారో నా సంచిలోని పుస్తకంలో ఉంది. ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. మాట ఇచ్చాను కాబట్టి నేల చూస్తూ నిలబడ్డాను. ఒకరిద్దరు లేచి చెప్పులు వేసుకుంటున్నారు. ఇక అయిపోయింది, మిమ్మల్ని ఇప్పట్లో ఇంటికి తీసుకురాలేను అనిపించింది.

వదినగారూ, ఇక్కడినుంచి మెల్లగా చదవండి. మధ్యలో ఆవిడ ఆపమన్నా ఆపకండి.

అత్తయ్యగారూ, పద్దెనిమిది ఇళ్ళ సంగతి చెప్పే హక్కు నాకు లేదు. చెప్పదగ్గ ఇల్లు ఒక్కటే మిగిలింది. మనది. చెప్పేశాను.

మీరు ప్రతి సాయంత్రం మన చెత్తని పాత పేపర్లలో చుట్టి, అంచులు లోపలికి మడిచి, పురికొసతో నాలుగు వైపులా బిగించి, పైన చిన్న ముడి వేసి, మిఠాయి పొట్లంలాగా అరచేతిలో పెట్టుకుని వెళ్ళేవారని చెప్పాను. దారిలో ఎవరైనా ఎదురైతే, ఫలానావారింటికి వెళుతున్నాననేవారనీ, ఒకసారి మన వీధిలో ఉండే నర్సు అది తనకే తెస్తున్నారనుకుని చేయి చాచిందనీ, మీరు ఇది నీకు కాదమ్మా అని గబగబా దాటిపోయారనీ కూడా చెప్పాను. పొగకి ఊరు విడిచి వెళ్ళిన మనిషి ఇంటి చెత్త కూడా ఆ మంటలోనే కాలింది, మీరు వెళ్ళాక ఆ పొట్లాలు నేను కడుతున్నాను, నా ముడి అంత బాగా రాదు అన్నాను. మిమ్మల్ని అడక్కుండా మీ గుట్టు వీధిలో పెట్టాను. ఇదీ నేను ఇంతసేపూ వాయిదా వేస్తూ వచ్చిన సంగతి. మీకు కోపం వస్తుందని తెలుసు. కోపం వచ్చినా మిగతాది వినండి, తర్వాత జరిగింది కూడా తెలియాలి కదా.

ముందు నర్సు నవ్వింది. ఆ పొట్లం నాకిప్పటికీ గుర్తుందండీ, చాలాకాలం అందులో ఏముందో అని ఆలోచించాను అంది. తర్వాత అరుగంతా నవ్వింది. అందరూ ఎన్నేళ్ళుగానో దేనికి భయపడ్డారో ఆ నవ్వే వచ్చింది. కానీ అది మన మీద పడి గాయం చేయలేదు. దర్జీ భార్య నవ్వుతూనే, మేం కత్తిరింపు ముక్కల మూటలో కలిపి తీసుకెళతాం, ఎవరైనా చూస్తే కొలతలకి వెళుతున్నామంటాం అంది. గడియారాలు బాగుచేసే ఆయన తన పనిముట్ల పెట్టె సంగతి చెప్పాడు. ఒకావిడ టిఫిన్ క్యారియర్లో అట, పై గిన్నెలో ఏమీ ఉండదట, కింది మూడింట్లోనూ చెత్తేనట. ఒకరి తర్వాత ఒకరు పోటీలు పడి చెప్పారు. నేను ఎవరి పేరూ చెప్పలేదు, ఎవరి గుట్టు వాళ్ళే విప్పుకున్నారు.

చివరికి మాస్టారు మాత్రం మిగిలారు. అందరూ ఆయన వైపు చూశారు. ఆయన కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు.

"నా తోలు బ్యాగు," అన్నారు. "రిటైరైనా బ్యాగు పట్టుకుని సాయంత్రం ఎక్కడికి వెళతానని మీలో ఒక్కరూ అడగలేదు. నాకు అదే ఆశ్చర్యం."

దర్జీ అయితే అరుగు దిగి వెళ్ళి గోడ పట్టుకుని నవ్వాడు. ట్యూషన్ చెప్పడానికి వెళుతున్నారనుకున్నాం మాస్టారూ అన్నాడు. మాస్టారు కూడా నవ్వారు. ఆయన పళ్ళు ఎలా ఉంటాయో నేను చూడటం అదే మొదటిసారి.

ఆ నవ్వులోనే నిర్ణయమైపోయింది. ఒక్కరు వెళితే చూస్తారు, అందరం ఒకేసారి వెళితే చూసేవాళ్ళు ఎవరు మిగులుతారు అని నర్సు అంది. మర్నాడు పొద్దున బండి వేళకి అందరూ బుట్టలు బయటికి తెచ్చారు. మూత లేకుండా, పేపరు చుట్టకుండా. బకెట్లు, డబ్బాలు, పగిలిన టబ్బు ఒకటి. మాస్టారు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, నీలం బకెట్ పట్టుకుని ముందు నడిచారు. మీ అబ్బాయి ఆఫీసు బట్టల్లో మన బుట్ట పట్టుకున్నారు. పెళ్ళైనప్పటినుంచీ ఆ మనిషి చేతిలో చెత్తబుట్ట చూడాలని ఉండేది, ఆ కోరిక తీరింది. మలుపు తిరిగేసరికి బెంచీల మీద మాటలు ఆగిపోయాయి. గ్లాసులు మూతుల దగ్గరే నిలిచిపోయాయి. మేం కూడా కాస్త తడబడ్డాం. దర్జీ భార్య నా మోచేయి గట్టిగా పట్టుకుంది.

అప్పుడు టీకొట్టు యజమాని స్టవ్ తగ్గించి, లోపలికి వెళ్ళి, రెండు చేతులతో పెద్ద డబ్బా మోసుకుని బయటికొచ్చాడు. నిండా పిండేసిన టీపొడి, వాడి పారేసిన కప్పులు. "ఉండండమ్మా, నేనూ వస్తాను," అన్నాడు. "కొట్టు చెత్త ఇన్నాళ్ళూ ఆ గోడవతలే వేశాను. మీ వీధిలోవాళ్ళు చూస్తే కొట్టుకి రావడం మానేస్తారని చీకటి పడ్డాక వేసేవాణ్ణి."

బండివాడు మమ్మల్ని చూసి ఏదో గొడవ జరుగుతోందనుకుని బండి ముందుకు పోనిచ్చాడు. మాస్టారు బకెట్‌తో సహా పరిగెత్తి ఆపారు.

అత్తయ్యగారూ, ఆ రోజుతో అంతా చక్కబడిందని రాస్తే మీరు నమ్మరు, నమ్మకూడదు కూడా. రెండో వారంలో వానలు పట్టాయి. ఎవరూ బయటికి రాలేదు. గోడవతల మళ్ళీ చిన్న గుట్ట లేచింది, వాన వెలిసిన సాయంత్రం ఎవరో అంటించారు. తడి చెత్త కదా, పొగ మామూలుకన్నా ఎక్కువొచ్చింది. నేను వంటింట్లో కూర్చుని ఏడ్చాను. నెల లెక్క మళ్ళీ మొదటికొచ్చింది. మర్నాడు పొద్దున తలుపు తట్టిన చప్పుడైతే తీశాను. గొడుగు వేసుకుని దర్జీ నిలబడి ఉన్నాడు. నిన్న అంటించింది నేనే అమ్మా, ఈగలు భరించలేక అంటించాను, పెద్దావిడ గుర్తొచ్చి రాత్రంతా నిద్రపట్టలేదు, ఇకమీదట వానొచ్చిన రోజు ముసలివాళ్ళున్న ఇళ్ళ బుట్టలు నేను తీసుకెళతాను అన్నాడు. అలాగే తీసుకెళుతున్నాడు. ఎవరూ లోపలికి వెళ్ళి అంటించకుండా గోడ సందుకి ఒక తలుపు పెట్టించి తాళం వేయమని స్థలం ఆయనకి మాస్టారు రాసిన ఉత్తరం ఎంత ఘాటుగా ఉందంటే, ఆయన వారం తిరక్కుండా తలుపు పెట్టించాడు. తాళంచెవి మాస్టారి దగ్గరే ఉంది, ఇక ఎవరికి ఇస్తారు లెండి.

నా ప్రాజెక్టు సంగతి. పరీక్షకి బయటనుంచి వచ్చిన ప్రొఫెసరు మొత్తం చదివారు. పద్దెనిమిది ఇళ్ళూ తిరిగారు, అందరూ భయపడ్డ ఆ టీకొట్టు మనిషిని ఒక్క ప్రశ్న కూడా ఎందుకు అడగలేదు అన్నారు. నేనూ వీధిలో అందరిలాగే అతన్ని చూసే కళ్ళనుకున్నానే గానీ, అతనికీ ఒక చెత్తబుట్ట ఉంటుందనుకోలేదు. ఆ మాటే చెప్పాను. ఆయన పెన్ను కింద పెట్టి, ఈ వాక్యం రిపోర్టులో చేర్చండి, దీనికోసమే ఈ చదువు అన్నారు. ఫలితాలు మొన్న వచ్చాయి. ఎం.ఏ. పాసయ్యాను, ఆ పేపరులో మా బ్యాచ్‌కంతా మొదటి మార్కు నాదే. మీ అబ్బాయి ఆ కాగితం నా పుస్తకాల పక్కన పెట్టారు. పుస్తకాలు ఇప్పుడు దుప్పట్ల కింద లేవు, ముందు గదిలో ఉన్నాయి.

మీ చివరి ప్రశ్నకి జవాబు. పొగ తగ్గిందా అని అడిగారు. తగ్గడం కాదు, లేదు. దర్జీ అంటించిన ఆ సాయంత్రం తర్వాత నిన్నటితో నెల నిండింది. డాక్టరుగారు తనే సాయంత్రం వచ్చి, వీధి చివరిదాకా నడిచి, గోడ దగ్గర ఆగి గట్టిగా గాలి పీల్చి చూశారు. వెనక్కి వచ్చి, తీసుకురండి అన్నారు. ఆ ఒక్క ముక్కే అన్నారు. అరుగుల మీద కూర్చున్నవాళ్ళందరికీ వినపడింది, చప్పట్లు కొట్టారు. ఆయన బిత్తరపోయి, ఈ వీధిలో ఏమిటిది అని నన్ను అడిగారు.

మీ అబ్బాయి శుక్రవారం బయలుదేరి వస్తున్నారు. శనివారం సాయంత్రానికి మీరు ఇంట్లో ఉంటారు. కోపమంతా తెచ్చుకోండి, ఒక్క మాట కూడా అక్కడ వదిలిపెట్టకండి, అన్నీ పడతాను. ఒక్క సంగతి మాత్రం ముందే చెబుతున్నాను, తర్వాత చెప్పలేదనకండి. ఆదివారం పొద్దున మన బుట్ట మీరే పట్టుకోవాలని వీధి ఆడవాళ్ళందరూ తీర్మానించారు. మీరు టీకొట్టు ముందునుంచి మూత తెరిచిన బుట్టతో నడుస్తుంటే చూడాలని నర్సు ఆ రోజు డ్యూటీ మార్పించుకుంది. టీకొట్టు యజమాని మీ కోసం మొదటి బెంచీ ఖాళీగా ఉంచుతానన్నాడు, ఊపిరి ఆడకపోతే అక్కడ కూర్చోండి. ఊపిరి ఆడుతుంది. తల ఎత్తుకుని నడవండి. మీ పక్కనే నేను ఉంటాను, బరువనిపిస్తే అటువైపు పిడి నేను పట్టుకుంటాను.

ఇట్లు,
మీ పొట్లం విప్పిన మీ కోడలు